కొండపల్లి బొమ్మలు – తయారీ, విక్రయం

కొండపల్లి బొమ్మలు ఆంధ్ర ప్రదేశ్‌లోని కొండపల్లి శిల్పులు తేలికైన కొయ్యతో చేతితో చెక్కి, రంగులు వేసి తయారు చేసే బొమ్మలు. కొండపల్లి విజయవాడకు వాయవ్యంగా, ఇబ్రహీంపట్నం మండలంలో ఉన్నది. మామిడి తోటలకు పేరుపొందిన నూజివీడు నుండి మైలవరం మీదుగా నైరుతి దిక్కుగా ప్రయాణిస్తే ఈ ఊరు చేరవచ్చును. ఈ రెండు ఊళ్ళూ పూర్వం కృష్ణా జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరాయి. నూజివీడు ప్రాంతంలో కొయ్యపనికి మరొక పేరు కూడా ఉన్నది. అక్కడ పనస కర్రతో వీణలు తయారు చేస్తారు.

శిల్పులు

ఈ బొమ్మలు చేసే కుటుంబాలవారిని ఆర్యక్షత్రియులు అంటారు. తమ పూర్వీకులు కొన్ని శతాబ్దాల క్రితం రాజస్థాన్ నుండి వలస వచ్చారనీ, శివుని అనుగ్రహం పొందిన ముక్తర్షి తమ మూలపురుషుడనీ వీరు చెప్పుకొంటారు. ఇంటి వసారాయే వీరి కార్యశాల. కుటుంబంలో ఒకరు చెక్కితే మరొకరు అతుకుతారు, ఇంకొకరు రంగులు వేస్తారు. రంగులు వేయడంలో స్త్రీల పాత్ర ఎక్కువ.

తయారీ విధానం

చుట్టుపక్కల ఎంత మామిడి ఉన్నా ఈ బొమ్మలకు మామిడి కర్ర వాడరు. అది బరువైనది, సన్నని చెక్కుడు పనికి అనువైనది కాదు. కొండపల్లి కొండల అడవుల్లో పెరిగే తెల్ల పొణికి చెట్టు కర్రనే వాడతారు. ఇది మిక్కిలి తేలికగా, మెత్తగా ఉంటుంది. తయారీలోని ముఖ్యమైన దశలు ఇవి:

* పచ్చి కర్రను ముక్కలుగా కోసి ఆరబెడతారు. తరువాత సన్నని సెగపై ఉంచి లోపలి తేమ పోగొడతారు. తేమ మిగిలితే బొమ్మ తరువాత పగులుతుంది.
* తల, మొండెం, చేతులు వంటి భాగాలను బాడిస, ఉలితో విడివిడిగా చెక్కుతారు.
* చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్దతో ఈ భాగాలను అతుకుతారు. దీనిని మక్కు అంటారు. ముక్కు, నగలు, బట్టల మడతలు వంటి సూక్ష్మమైన వివరాలను కూడా మక్కుతోనే తీర్చుతారు.
* ఆకురాయితో నునుపు చేసి, తెల్లని సుద్ద పూత పూస్తారు. అది ఆరిన తరువాత మేక వెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు.

విశాఖపట్నం ప్రాంతపు ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో తరిమెన పట్టి, లక్క పూసి చేస్తారు. కొండపల్లి బొమ్మకు తరిమెన లేదు. ఒక్కొక్క బొమ్మా చేతి మీదే రూపు దిద్దుకొంటుంది. అందువలన ఒకే అచ్చున రెండు బొమ్మలు ఉండవు.

రకాలు

దశావతారాలు, గీతోపదేశం వంటి పౌరాణిక బొమ్మలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, పల్లకి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పల్లెజనం మొదలైనవి ప్రసిద్ధమైనవి. మైసూరు, లేపాక్షి శైలులలో వలె ఇక్కడ రాతి శిల్పాల గాంభీర్యం కనబడదు. ఇంటి ముంగిట చూసే జీవితమే ఎక్కువగా కనబడుతుంది.

అమ్మకం

ఈ బొమ్మలకు గిరాకీ కాలాన్ని బట్టి మారుతుంది. కోస్తా జిల్లాలలో సంక్రాంతికి, మరికొన్ని ప్రాంతాలలో దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఆచారం ఉన్నందున ఆ నెలల్లో కొనుగోళ్ళు పెరుగుతాయి. వానాకాలంలో కర్ర, రంగు త్వరగా ఆరవు. కనుక పండుగల సరకును ముందుగానే సిద్ధం చేసుకోవాలి. ఆ పెట్టుబడి తిరిగి వచ్చేది అమ్మిన తరువాతనే.

అమ్మకానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది, శిల్పి తన ఊళ్ళోని దుకాణంలోనో, తిరునాళ్ళలో వేసిన అంగడిలోనో తానే అమ్మడం. ఇందులో ధర మొత్తం శిల్పికే దక్కుతుంది. కాని తిరునాళ్ళకు వచ్చేవారు పక్క అంగడిలోని ప్లాస్టిక్ బొమ్మ ధరతో పోల్చి బేరమాడతారు. కనుక అక్కడ చిన్న, చవక బొమ్మలే ఎక్కువగా చెల్లుతాయి. రోజుల తరబడి చేసిన దశావతారాల వరుసకు అక్కడ తగిన వెల రావడం కష్టం. రెండవది, లేపాక్షి వంటి ప్రభుత్వ విక్రయశాలలకు, వ్యాపారులకు సరఫరా చేయడం. ఇందులో గిరాకీ కొంత నిలకడగా ఉంటుంది గాని లాభంలో కొంత మధ్యవారికి పోతుంది. మూడవది, నగరాలలోని శిల్పారామాలు, 1987లో మొదలైన హర్యానాలోని సూరజ్‌కుండ్ మేళా వంటి హస్తకళా ప్రదర్శనలు. ఇక్కడ కొనేవారు చేతిపనిని ఎరిగి వస్తారు. అయితే ప్రయాణం, బస, రవాణాలో విరిగే బొమ్మల నష్టం శిల్పి లెక్క వేసుకోవాలి.

రక్షణ, ప్రోత్సాహం

కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. వేరేచోట చేసిన బొమ్మలను ఈ పేరుతో అమ్మరాదు. 2021 జనవరి 1 నుండి దేశంలో ఆటవస్తువులకు నాణ్యతా ధ్రువీకరణ తప్పనిసరి అయినది. పరీక్షల ఖర్చు ఇంటి వసారాలో పనిచేసే శిల్పికి మోయరాని భారం. 2020 చివరలో చేసిన సవరణతో భౌగోళిక గుర్తింపు గల ఆటవస్తువులకు, నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే వాటికి మినహాయింపు ఇచ్చారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో బొమ్మల తయారీ కూడా ఒకటి. ఇందులో పనిముట్లకు 15,000 రూపాయల సహాయం, తక్కువ వడ్డీకి ఋణం లభిస్తాయి.

సమస్యలు

తెల్ల పొణికి కర్ర కొరత అన్నిటికంటే పెద్ద సమస్య. నరికిన చెట్టు స్థానంలో మరొకటి కర్రకు వచ్చేందుకు ఏళ్ళు పడుతుంది. కనుక ఈనాడు మొక్కలు నాటితే ఫలితం తరువాతి తరానికే అందుతుంది. ఆ తరం ఈ పనిలో నిలవడం మరొక సమస్య. చెక్కుడు పని నేర్వడానికి చాలాకాలం పడుతుంది. అంత శ్రమకు తగిన ఆదాయం కనబడకపోతే పిల్లలు ఇతర ఉద్యోగాలకు వెళ్తారు. గుర్తింపు పత్రం పేరును కాపాడగలదు. కాని చెట్టు, చేయి రెండూ ఉంటేనే ఆ పేరుకు తగిన బొమ్మ ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* కొండపల్లి కోట
* ఏటికొప్పాక బొమ్మలు
* నిర్మల్ బొమ్మలు
* బొమ్మల కొలువు
* నూజివీడు