అనుభవం గడి ఖాళీగా వదలకండి!

పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక, ఏదైనా చిన్న ఉద్యోగం దొరికితే బాగుండునని అనుకోని ఇల్లాలు ఈ రోజుల్లో తక్కువ. ఊళ్ళో స్కూల్లో గుమాస్తా కావాలనో, నర్సింగ్ హోంలో రిసెప్షనిస్టు కావాలనో బోర్డు కనబడుతుంది. ధైర్యం చేసి ఫారం తెచ్చుకుంటాం. పేరు, వయసు, చదువు చకచకా రాసేస్తాం. తీరా 'అనుభవం' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. పదిహేనేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాం, ఏం రాస్తాం అని ఒక అడ్డగీత గీసేస్తాం. లేదంటే 'హౌస్‌వైఫ్' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాం.

అలా చెయ్యకండి. ఫారం చూసేవాళ్ళ ముందు మీరుండరు, ఆ కాగితమే ఉంటుంది. అందులో గీత ఉంటే గీతనే చూస్తారు మరి!

ముందు ఒక చిత్తుకాగితం తీసుకుని, పెళ్ళయిన దగ్గర్నుంచి ఇంటి పని కాక ఇంకేమేం చేశారో రాసుకోండి. మనలో చాలామందికి పొదుపు సంఘం ఉంది. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది లగాయతు మన తెలుగు పల్లెల్లో ఈ సంఘాలు ఎంతగా పెరిగాయో మీకు తెలియనిది కాదు. మీరు సంఘం లీడరుగా చేసి ఉంటే అది అనుభవమే. అయితే 'లీడరుగా చేశాను' అంటే చాలదు. ఇదిగో, ఇలా రాయండి: '2016 నుంచి 2021 వరకు 11 మంది సభ్యుల పొదుపు సంఘానికి రెండో లీడరును. మినిట్స్ పుస్తకం రాశాను. నెలనెలా పొదుపు, అప్పు వాయిదాలు వసూలు చేసి బ్యాంకులో కట్టాను.' చూశారా, అదే పని! కానీ చదివేవాళ్ళకి లెక్కలు వచ్చని, నలుగురి డబ్బు చేత్తో పట్టుకున్నారని, బ్యాంకు వ్యవహారం తెలుసని అర్థమవుతుంది. ఎన్నేళ్ళు, ఎంతమంది, ఏం చేశారు, ఈ మూడూ ఉండాలన్నమాట.

ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్ చెప్పినా, బ్లౌజులు కుట్టినా, పచ్చళ్ళు పెట్టి అమ్మినా ఇదే పద్ధతి. పక్షవాతం వచ్చిన అత్తగారికి నాలుగేళ్ళు మందులు వేళకిచ్చి, బీపీ చూసి రాసిపెట్టి ఉంటే, నర్సింగ్ హోంలో ఆయా పనికి అది చాలా విలువైన సంగతి. గుమాస్తా పనికి మాత్రం అది రాయక్కర్లేదు. వంట కూడా అంతే. హాస్టలు మెస్సుకైతే ఎంతమందికి వండగలరో రాయండి, లెక్కల పనికైతే ఆ ఊసే వద్దు. ముగ్గులు, అల్లికలు ఏ ఫారంలోనూ పెద్దగా అక్కరకి రావని నా అభిప్రాయం. లేనిది మాత్రం ఒక్క ముక్క కూడా రాయకండి. కంప్యూటర్ వచ్చని రాస్తే ఇంటర్వ్యూలో దాని ముందే కూర్చోబెడతారు!

మధ్యలో ఉద్యోగం మానేసిన వాళ్ళు 'ఎందుకు మానేశారు' అన్నచోట అత్తవారింటి పురాణం విప్పనక్కర్లేదు. 'పిల్లల పెంపకం కోసం' అంటే చాలు. 'ఆశించే జీతం' దగ్గర 'మీ ఇష్టం' అని రాసేవాళ్ళు ఎందరో. అలా రాస్తే నిజంగా వాళ్ళిష్టమే అవుతుంది. అదే పని చేసేవాళ్ళని ఇద్దరిని అడిగి ఒక అంకె వెయ్యండి.

ఇక అసలు చిక్కు పేరు దగ్గరుంది. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. మాకు తెలిసిన ఒకావిడ మంచి మార్కులతో పాసైంది. ఈ రెండు పేర్లూ ఒకరివే అని చూపే కాగితం జతచెయ్యక, ఫారం పక్కన పెట్టేశారు. పాపం, భర్త లేని మనిషి, ఇద్దరు పిల్లలు! అందుకని మెమోలో ఎలా ఉందో ఫారంలో అక్షరం తేడా లేకుండా అలాగే రాసి, వివాహ ధృవీకరణ పత్రం జతచెయ్యండి. మనకి 2002లోనే వివాహాల నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అయినా ఆ పత్రం లేని ఇళ్ళు బోలెడు. ఫారం వచ్చినప్పుడు పరుగెత్తకుండా ఇప్పుడే తీసుకోండి. పుట్టిన తేదీ కూడా మెమోలో ఉన్నదే వెయ్యాలి. ఆధార్‌లో తేదీ వయసుకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్టే మేలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. మెమో పోయి ఉంటే, మీరు చదివిన స్కూలు హెడ్మాస్టరు గారి ద్వారా డూప్లికేటుకి పెట్టుకోవచ్చు. దానికి రోజులు పడతాయి.

అంగన్‌వాడీ పోస్టులకి ఈ కాగితాల గొడవ మరీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి నోటిఫికేషన్లలో 100 మార్కులకి 50 పదో తరగతి మార్కులను బట్టి, 20 ఇంటర్వ్యూకి వేశారు. మిగిలినవి ప్రీస్కూల్ ట్రైనింగుకి, భర్తను కోల్పోయిన వారికి, వికలాంగులకి, ఇలా విడివిడిగా ఉంటాయి. ఇవి అడిగి ఇచ్చేవి కావు. భర్త మరణ ధృవీకరణ పత్రమో, సదరం సర్టిఫికెట్టో జతచేస్తేనే వస్తాయి. స్థానికురాలన్న రుజువుకి నివాస ధృవీకరణ పత్రం కావాలి. వయసు, చదువు నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారుతుంటాయి కనుక ఎవరో చెప్పిన మాట నమ్మకుండా నోటిఫికేషన్ కాగితం చివరికంటా చదవండి. జిరాక్సుల మీద సొంత సంతకం చాలని కేంద్ర ప్రభుత్వం 2014లోనే చెప్పినా, గెజిటెడ్ ఆఫీసరు సంతకం అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆఖరి రోజున ఆయన ఊళ్ళో ఉండకపోవచ్చు, ముందే చేయించి పెట్టుకోండి.

ఫారం జిరాక్సు తీసి ముందు దానిమీద నింపండి. తప్పులు అక్కడే తేలతాయి. తర్వాత అసలుది నీలి రంగు పెన్నుతోనో నల్ల పెన్నుతోనో, ఏది అడిగితే దానితో, కొట్టివేతలు లేకుండా రాయండి. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. భర్తదిస్తే, కబురొచ్చినప్పుడు ఆయన డ్యూటీలో ఉండి ఎత్తకపోతే ఎలా? నింపిన ఫారానికి ఒక నకలు తీసి, ఆఫీసులో ఇచ్చేటప్పుడు ఆ నకలు మీదే ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఇంటర్వ్యూకి పిలిస్తే వెళ్ళేముందు దాన్ని ఒకసారి చదువుకోండి. మీరు రాసిందే వాళ్ళు అడుగుతారు.