రైమ్స్ గడగడా చెప్పే పిల్లలు.. చదవమంటే ఎందుకు తడబడతారు? బొమ్మల పుస్తకంతో ఇలా చేసి చూడండి!

ఫోన్‌లో వీడియో పెడితే చాలు, నాలుగేళ్ల పిల్లలు పది రైమ్స్ గడగడా చెప్పేస్తారు. చుట్టాల ముందు చెప్పించి మనమూ మురిసిపోతాం. అదే ఒకటో తరగతికి వచ్చేసరికి 'బడి', 'గుడి' లాంటి రెండక్షరాల మాటల దగ్గరే కొందరు ఆగిపోతుంటారు. అక్షరాలు రాక కాదు. మాటలో ఏ శబ్దం ఎక్కడుందో చెవికి పట్టకపోవడం ఇందుకో కారణం. ఆ చెవిని తయారుచేసే పని ప్రాసతో నడిచే బొమ్మల పుస్తకం బాగా చేస్తుంది.

ఎలాగంటారా? పిల్లి, బల్లి, తల్లి.. వరుసగా వింటే చివర ఒకేలా మోగుతోందని, మొదట్లోనే తేడా ఉందని పిల్లలు పసిగడతారు. మాటను ముక్కలు చేయొచ్చన్న సంగతి అలా తెలుస్తుంది. చదవడానికి కావాల్సింది అదే. తెలుగులో ఇంకో వెసులుబాటు ఉంది. పాట, పీట, పేట.. వీటిలో మారేది 'ప' గుణింతం ఒక్కటే. గుణింతం అంటే బెదిరిపోయే పిల్లలకు కూడా ఇది ఆటలా ఉంటుంది.

ఇదేదో ఊరికే చెప్తున్న మాట కాదు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ 4, 5 ఏళ్ల పిల్లలు సుమారు 400 మందిని నాలుగేళ్ల పాటు గమనించారు. ఫలితాలు 1983లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. శబ్దాల పోలికను ముందే బాగా గుర్తుపట్టిన పిల్లలు తర్వాత చదవడంలో, స్పెల్లింగ్‌లో ముందున్నారు. అంతేకాదు, ఒకేలా మోగే మాటల బొమ్మలను జతచేయడం కొందరికి ప్రత్యేకంగా నేర్పారు. వాళ్లలోనూ ప్లాస్టిక్ అక్షరాలు కలిపి నేర్చుకున్నవాళ్లే ఎక్కువ లాభపడ్డారు. అది ఇంగ్లిష్ చదివే పిల్లల సంగతే అనుకోండి. అయినా చెవికి వినిపించింది కంటికీ చూపించాలన్న కిటుకు మనకూ పనికొస్తుంది.

వీడియోతో చిక్కు ఇక్కడే. అది ఆగదు. పిల్లలు ఆలోచించేలోపే తర్వాతి మాట వచ్చేస్తుంది. పుస్తకమైతే మీరు ఆపొచ్చు. ప్రాస మాట వచ్చే ముందు ఆగండి. బొమ్మ మీద వేలు పెట్టి ఊరుకోండి. కాసేపటికి వాళ్లే అందుకుంటారు. 'బల్లి' అనాల్సిన చోట 'నల్లి' అన్నారా? కంగారు పడకండి, చెవి పనిచేస్తున్నట్టే! అప్పుడు అచ్చులో ఆ మాట మొదటి అక్షరం చూపించండి. రోజూ పది నిమిషాలు చాలు. నిన్న చదివిన పుస్తకమే మళ్లీ కావాలంటే విసుక్కోవద్దు.

అయితే ఒక్కటి. పుస్తకమంతా నోటికొచ్చేసి, పేజీలు తిప్పుతూ చెప్తుంటే చదువుతున్నట్టు కాదు. ప్రాస మాటల్లో ఒకటి బొమ్మ లేకుండా కాగితం మీద రాసి చూపించండి, తెలిసిపోతుంది.

కొనే ముందు ఒక పేజీ పైకి చదివి చూసుకోండి. ఇంగ్లిష్ నుంచి అనువాదమైన కొన్నిటిలో బొమ్మలు అదిరిపోతాయి గానీ ప్రాస గల్లంతవుతుంది. డబ్బు పెట్టలేమంటే, ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఫ్రీగా ఉన్నాయి. ఫోన్‌లోనే చదివి వినిపించొచ్చు, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కూడా తీసుకోవచ్చు.