పొడి నీటిలో నిలిచేదెట్లా?

2022 వరకు శ్రీకాకుళం జిల్లాలోను, ఆ తరువాత విజయనగరం జిల్లాలోను చేరిన రాజాం పరిసరాలలో, మిరప, కూరగాయలు పండించే రైతులకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే ఆకుపచ్చని పొడి పరిచితమే. ఆకుమచ్చ తెగులు కనబడితే సాధారణంగా లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి చల్లుతారు. 16 లీటర్ల పంపుకు 48 గ్రాములన్నమాట. ఈ పొడి ఉప్పులాగా నీటిలో కరగదు. రేణువులు రేణువులుగానే ఉండి నీరంతటా సమంగా వ్యాపించాలి. అవి అడుగున పేరుకుంటే ఒక సాలుకు మందు ఎక్కువై ఆకు మాడవచ్చు. మరొక సాలుకు వట్టి నీళ్లే దక్కవచ్చు. పెట్టిన ఖర్చు ఒక్కటే అయినా, ఫలితం మాత్రం పొడి నీటిలో ఎంతసేపు నిలుస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

నీటికంటె బరువైన రేణువు మునగక తప్పదు. అయితే ఎంత వేగంగా మునుగుతుంది? 1851లో జార్జి గేబ్రియల్ స్టోక్స్ ప్రకటించిన సూత్రం ప్రకారం, ఈ వేగం రేణువు వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. నీటికి మూడున్నర రెట్లు సాంద్రత కలిగి, 2 మైక్రాన్ల వ్యాసం గల రేణువు గంటకు సుమారు 2 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఇటువంటి రేణువులు అనేకం కలిసి 20 మైక్రాన్ల ముద్దగా ఏర్పడితే వేగం నూరు రెట్లు, అనగా గంటకు 2 మీటర్ల వరకు పెరుగుతుంది. ముద్దలో సందులు ఉంటాయి కనుక నిజమైన వేగం దీనికంటె కొంత తక్కువ. అయినా జానెడు లోతు దిగడానికి దానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి అసలు శత్రువు రేణువు బరువు కాదు, రేణువులు ఒకదానినొకటి అంటుకొనే స్వభావం.

బాగా దగ్గరకు వచ్చిన రేణువుల మధ్య వాండర్ వాల్స్ బలాలు అనే ఆకర్షణ పనిచేస్తుంది. దీనిని ఎదుర్కోవడానికి రేణువు ఉపరితలాన్ని మార్చాలి. ఇందుకు రెండు మార్గాలున్నాయి. రేణువులన్నిటి మీద ఒకే జాతి విద్యుదావేశం ఉండేటట్లు చేస్తే అవి పరస్పరం వికర్షించుకొంటాయి. ఇది మొదటి మార్గం. ప్రతి రేణువుకు పొడవైన అణువులతో ఒక తొడుగు వేస్తే, ఆ తొడుగులు ఒకదానికొకటి అడ్డుపడి రేణువులను దూరంగా ఉంచుతాయి. ఇది రెండవది. దీపపు మసి నీటిపై తేలుతుందే గాని నీటిలో కలవదు. దానినే తుమ్మబంక నీటితో బాగా నూరితే నల్లని సిరా అవుతుంది. బంక అణువులు మసి రేణువులకు తొడుగుగా అమరడమే దీనికి కారణం.

నీటిలో కలిపే మందుపొడులలో కూడా ఇటువంటి సహాయక పదార్థాలు ఉంటాయి. తడిపే పదార్థం నీటిని రేణువు ఉపరితలం మీదికి పాకిస్తుంది. కాగితపు గుజ్జు పరిశ్రమలో కొయ్య నుండి లభించే లిగ్నోసల్ఫోనేటు వంటి పదార్థం రేణువుకు అంటుకొని, ఆవేశాన్ని, తొడుగును రెండింటినీ ఇస్తుంది.

గోడలకు వేసే తెల్లరంగులో ఈ ఏర్పాటు మరింత స్థిరంగా ఉంటుంది. శ్రీకాకుళం తీరంలో కళింగపట్నం, భావనపాడు ప్రాంతాల ఇసుకలో ఇల్మనైటు అనే నల్లని ఖనిజం ఉంది. ఇల్మనైటు నుండి టైటానియం డయాక్సైడు అనే తెల్లని పొడిని తయారుచేయవచ్చు. రంగుకు వాడే ఈ పొడి రేణువు వ్యాసం సుమారు పావు మైక్రాను. దీనిని నీటిలో కలిపి, సోడియం సిలికేటు, సోడియం అల్యూమినేటు వంటి లవణాలు చేర్చి, ఆమ్లత్వాన్ని సరిచేస్తే, సిలికా, అల్యూమినా రేణువుల మీద పలుచని పొరగా దిగుతాయి. పొర వేసిన రేణువులు రంగులో సమంగా వ్యాపిస్తాయి. మరొక మేలు కూడా ఉంది. పొర లేని టైటానియం డయాక్సైడు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు, రంగులోని జిగురును క్షీణింపజేస్తుంది. అప్పుడు గోడ తాకితే చేతికి సుద్ద అంటుతుంది. ఈ పొర దానిని చాలావరకు ఆపుతుంది.

విద్యుదావేశంపై ఆధారపడిన రక్షణను లవణాలు చెరుపగలవు. వరదకాలపు నాగావళి నీటిలోని బంకమట్టి రేణువులకు ఋణావేశం ఉంటుంది. పటిక వేస్తే ఆ ఆవేశం తగ్గి, రేణువులు ముద్దకట్టి, నీరు తేరుతుంది. నది సముద్రంలో కలిసేచోట ఉప్పునీరు చేసే పని కూడా ఇదే. అందుచేత ఉప్పు బావి నీటిలో కలిపిన మందుపొడి త్వరగా పేరుకొనే అవకాశం ఉంది. మంచినీటిని వాడి, పొడిని ముందు కొద్ది నీటితో పలుచని ముద్దగా కలిపి, ఆ తరువాత మిగిలిన నీరు పోసి, చల్లేటప్పుడు అప్పుడప్పుడు కదపడం మేలు.

పాఠశాలలో ఈ విషయాన్ని సులభంగా చూపవచ్చు. మూడు గాజు గ్లాసులలో నీరు పోసి, ఒక్కొక్కదానిలో చెంచాడు మెత్తని బంకమట్టిని కలపాలి. మొదటిదానిలో ఏమీ వేయకూడదు. రెండవదానిలో చిటికెడు చాకలిసోడా, మూడవదానిలో చిటికెడు పటిక పొడి వేసి కలియబెట్టి, కదపకుండా ఉంచాలి. పటిక వేసిన నీరు ముందుగా తేరుతుంది. సోడా వేసినది చాలాసేపు మురికిగానే ఉంటుంది. మూడింటిలోను మట్టి ఒక్కటే, నీరు ఒక్కటే. మారినదల్లా రేణువు ఉపరితలమే.