'పోలీసు చర్య' అనే మాట

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. సైన్యం దానికి పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ పోలో'. మనకు మిగిలిన పేరు 'పోలీసు చర్య'. ఈ మాటను మన రచయితలు ఏ సంకోచమూ లేకుండా వాడేస్తున్నారు.

ఇంగ్లీషులో 'పోలీస్ యాక్షన్' అంటే యుద్ధం ప్రకటించకుండా చేసే యుద్ధం. 1947, 48లలో ఇండోనేషియాపై దాడులకు డచ్చివారు పెట్టిన పేరు ఇదే. 1950లో కొరియా యుద్ధానికి ట్రూమన్ ఒప్పుకున్న పేరూ ఇదే. హైదరాబాదు విషయంలో దీని అవసరం స్పష్టం. నిజాం ప్రభుత్వం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. యుద్ధమంటే రెండు రాజ్యాల తగాదా. పోలీసు చర్య అంటే ఇంటి వ్యవహారం.

వరంగల్‌లో మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: "పోలీసోళ్లకు ట్యాంకులెక్కడియి సార్?" ఏ నిఘంటువూ వేయని ప్రశ్న. ట్యాంకులే కాదు, యుద్ధవిమానాలూ వచ్చాయి. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాక అధికారం చేపట్టిన మేజర్ జనరల్ చౌధురి హోదా 'మిలిటరీ గవర్నర్'. అక్కడ మాత్రం దాపరికం లేదు!

రజాకార్ల దౌర్జన్యం అంతమైనందుకు జనం ఊపిరి పీల్చుకున్న మాట నిజమే. కాని ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా ముస్లింలపై సాగిన ఊచకోతను, 1951 దాకా కమ్యూనిస్టు రైతుదళాలపై సైన్యం సాగించిన వేటను 'చర్య' అనే చప్పిడి తత్సమం మింగేసింది. మా పల్లెల్లో ముసలివాళ్లు 'యాక్షన్' అనేవారు, 'మిల్ట్రీ వచ్చినప్పుడు' అనీ అనేవారు. కథలో పాత్ర నోట ఆ మాటలు రానివ్వండి. రచయిత తన గొంతుతో చెప్పేచోట మాత్రం 'సైనిక దాడి' అనే రాయాలంటాను.