పాత దస్తావేజులలోని మాటలు

చరిత్ర చదివేవారిలో చాలామంది, అర్థంకాని పాత మాట ఎదురైతే దాటిపోతారు. అక్కడ ఆగి నిఘంటువు తెరిచేవారికి దక్కే ఆనందం వేరు. నిజామాబాదు, బోధన్ ప్రాంతపు పాత కాగితాలు ఇందుకు చక్కని ఉదాహరణ. నిజాం రాజ్యంలో దఫ్తరు భాష మొదట ఫార్సీ, 19వ శతాబ్దం చివరి నుండి ఉర్దూ. రైతు భాష తెలుగు. ఈ కలయిక గుర్తులు సేత్వారులలో, పహాణీలలో నిలిచివున్నాయి.

ముందుగా ‘ఫసలీ’ని చూడవచ్చు. అరబీలో ‘ఫస్ల్’ అంటే విభాగం, ఋతువు. ఉర్దూలో పంట అని కూడా అర్థం. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది. పన్ను గడువు పంటకాలానికి సరిపడాలని అక్బరు కాలంలో ఫసలీ లెక్క ఏర్పడింది. హైదరాబాదు ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఆజర్, దై, బహ్మన్ వంటి ఇరానీ నెలలు ఇందులోనివే.

ఒక కాగితంపై 1347 అని మాత్రమే ఉన్నదనుకొంటే, అది ఫసలీ అయితే 1937-38. హిజ్రీ అయితే 1928-29. మొదటి లెక్కన బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం 1937లోనే వెలసింది. రెండవ లెక్కన కర్మాగారమూ లేదు, 1931లో పూర్తయిన నిజాంసాగరూ లేదు. ఒక్క మాట పొరబడితే తొమ్మిదేళ్ళ చరిత్ర తారుమారవుతుంది.

‘శక్కర్’ ప్రయాణం మరీ ముచ్చటైనది. సంస్కృత ‘శర్కర’ ఫార్సీలో ‘శకర్’, అరబీలో ‘సుక్కర్’ అయి ఐరోపా చేరింది. ‘జమ’, ‘వసూలు’, ‘బాకీ’ కూడా అరబీవే. ‘జమ’ అంటే కూర్చడం. జుమా, జమాఅత్ దాని తోబుట్టువులు. ‘వసూలు’ అంటే చేరడం, ‘బాకీ’ అంటే మిగిలినది.

కొన్ని మాటలపై హక్కులే ఆధారపడతాయి. ‘మదదె మఆష్’ అంటే జీవనానికి సాయం, అనగా వ్యక్తి పోషణకిచ్చిన ఇనాము. ఖుర్ఆన్‌లోని నబా సూరా 11వ ఆయతులో ఈ ‘మఆష్’ పదమే ఉన్నది. ‘మష్రూతుల్ ఖిద్మత్’ అంటే సేవ షరతుపై ఇచ్చినది. మసీదు సేవకిచ్చిన భూమి ఈ కోవలోనిది. 1995 నాటి వక్ఫ్ చట్టపు నిర్వచనంలో ఈ మాట యథాతథంగా చేరింది. రెంటినీ ఒకటిగా చదివితే, మసీదు దీపానికి కేటాయించిన పొలం ఒకరి సొంత ఆస్తిగా కనిపిస్తుంది.

వెదకడానికి సాధనాలు లేకపోలేదు. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు బ్రౌన్ 1854లో ప్రత్యేక నిఘంటువు వెలువరించాడు. రెవెన్యూ, న్యాయ పదాలకు విల్సన్ కోశం 1855లో వచ్చింది. అయితే నిఘంటువులోని మొదటి అర్థంతో తృప్తిపడరాదు. కాగితంపైని తేదీ, గ్రామం, సందర్భం సరిచూడాలి. ఈ పాటి శ్రమ చేసేవారికి తాతల పెట్టెలోని పాత కాగితం అర్థవంతమవుతుంది, రక్షింపదగిన హక్కు ఏదో తెలుస్తుంది.