స్పైనా బైఫిడా: గర్భం తెలియకముందే ఏర్పడే జన్మలోపం - అవగాహన, నివారణ

వ్యాస సంగ్రహం:
శిశువు వెన్నెముక, వెన్నుపాము పూర్తిగా మూసుకోకపోవడం వల్ల కలిగే జన్మలోపం స్పైనా బైఫిడా. ఫలదీకరణ జరిగిన నాలుగు వారాల్లోనే ఇది ఏర్పడుతుంది. అందువల్ల దీని నివారణ గర్భధారణకు ముందే ప్రారంభం కావాలనీ, ఆ బాధ్యతను తల్లిపైనే మోపడం తగదనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: స్పైనా బైఫిడా, నాడీనాళం, జన్మలోపం, ఫోలిక్ ఆమ్లం, బలవర్ధక ఆహారం.

1. ఉపోద్ఘాతం:
చీలిన పెదవితో శిశువు పుడితే తెలుగువారు దానిని ‘గ్రహణమొర్రి’ అంటారు. గర్భిణి గ్రహణాన్ని చూడటమే అందుకు కారణమన్న నమ్మకం ఆ పేరులోనే నిలిచి ఉంది. జన్మలోపానికి తల్లి నడవడికలో కారణం వెతికే ఈ ధోరణి అన్ని రకాల జన్మలోపాల విషయంలోనూ కనిపిస్తుంది. స్పైనా బైఫిడా ఎప్పుడు, ఎలా ఏర్పడుతుందో తెలిస్తే ఈ ధోరణి ఎంత అన్యాయమో స్పష్టమవుతుంది.

2. లోపం ఏర్పడే క్రమం:
పిండం వీపు భాగంలో మొదట నాడీకణాలతో కూడిన ఒక పలక ఏర్పడుతుంది. దాని రెండు అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి కలిసి గొట్టంగా మారతాయి. దీనినే నాడీనాళం అంటారు. దీని పైభాగం మెదడుగా, కిందిభాగం వెన్నుపాముగా అభివృద్ధి చెందుతాయి. ఫలదీకరణ తరువాత సుమారు 25వ రోజుకు తలవైపు ద్వారం, 28వ రోజుకు కిందివైపు ద్వారం మూసుకుంటాయి. వెన్ను భాగంలో ఈ ప్రక్రియ అసంపూర్ణమైతే స్పైనా బైఫిడా కలుగుతుంది. 28వ రోజు అంటే నెలసరి తప్పి రెండు వారాలు. చాలామంది స్త్రీలు అప్పటికి వైద్యులను సంప్రదించి ఉండరు.

3. రకాలు, ప్రభావాలు:
అ) ఆకల్టా: వెన్నుపూస వెనుక భాగంలో చిన్న ఖాళీ మాత్రమే ఉంటుంది. సాధారణంగా లక్షణాలు కనిపించవు.
ఆ) మెనింగోసీల్: వెన్నుపామును కప్పే పొరలు ద్రవంతో నిండిన తిత్తిలా వెలుపలికి వస్తాయి. వెన్నుపాము మాత్రం లోపలే ఉంటుంది.
ఇ) మైలోమెనింగోసీల్: వెన్నుపాము, నాడులు కూడా వెలుపలికి వస్తాయి. ఇది తీవ్రమైన రూపం. కాళ్లలో బలహీనత, స్పర్శ లోపించడం, మలమూత్రాలపై అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం దీని ప్రధాన పర్యవసానాలు. లోపం వెన్నులో ఎంత పైన ఉంటే ప్రభావం అంత ఎక్కువ.

4. కారణాలు, ఫోలిక్ ఆమ్లం పాత్ర:
దీనికి ఏకైక కారణం లేదు. జన్యువులు, అదుపులో లేని మధుమేహం, స్థూలకాయం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వంటి మందులు, ఫోలేట్ లోపం ఇందులో పాలుపంచుకుంటాయి. ఫోలేట్ చరిత్రలో మన దేశానికీ స్థానముంది. లూసీ విల్స్ 1928 తరువాత బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంలోని ఒక పదార్థం దానిని నయం చేస్తుందని గుర్తించారు. అదే ఫోలేట్ అని తరువాత తేలింది. అంతకుముందు ఈ లోపంతో శిశువును కన్న తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇస్తే, అది పునరావృతమయ్యే అవకాశం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం నిరూపించింది. ఇతర స్త్రీలకు గర్భధారణకు ముందు నుంచి పన్నెండో వారం వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది.

5. ఆచరణలోని అంతరం:
మన దేశ మార్గదర్శకాలూ ఈ సూచననే చేస్తున్నాయి. కాని గర్భిణిగా పేరు నమోదైన తరువాతే మాత్ర చేతికి అందితే, నాడీనాళం మూసుకునే గడువు అప్పటికే దాటిపోతుంది. పైగా అనుకోకుండా కలిగే గర్భాలకు ‘ముందస్తు సన్నద్ధత’ సాధ్యం కాదు. అందుకే అనేక దేశాలు నిత్యాహారంలోనే ఫోలిక్ ఆమ్లాన్ని కలుపుతున్నాయి. అమెరికాలో 1998 నుంచి బలవర్ధక ధాన్యపు పిండిలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాములు తప్పనిసరి. ఆ తరువాత అక్కడ నాడీనాళ లోపాలు గణనీయంగా తగ్గాయి. మన బలవర్ధక బియ్యానికి నిర్దేశించిన ప్రమాణం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకున్నా అందేది 30 నుంచి 50 మైక్రోగ్రాములే. ఆకుకూరలు, పప్పుధాన్యాలు ఫోలేట్‌కు మంచి ఆధారాలే అయినా, ఉడికించిన నీటిని పారబోస్తే అందులో కొంత నష్టపోతాము. కాబట్టి మాత్రకు ఆహారం పూర్తి ప్రత్యామ్నాయం కాదు.

6. నిర్ధారణ, చికిత్స:
18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కానింగ్‌లో ఈ లోపాన్ని చాలావరకు గుర్తించవచ్చు. వెలుపలికి వచ్చిన వెన్నుపామును సాధారణంగా పుట్టిన రెండు మూడు రోజుల్లో శస్త్రచికిత్సతో కప్పుతారు. తలలో నీరు చేరితే షంట్ అమర్చుతారు. గర్భంలోనే శస్త్రచికిత్స చేసిన శిశువులలో ఏడాదిలోపు షంట్ అవసరమైనవారు 40 శాతం కాగా, పుట్టిన తరువాత చేసినవారిలో 82 శాతమని 2011లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. అయితే అది నెలలు నిండకముందే ప్రసవమయ్యే ప్రమాదాన్ని పెంచుతుంది. శస్త్రచికిత్సతో బాధ్యత ముగియదు. మూత్రపిండాల రక్షణ, నడకకు సాధనాలు, పాఠశాలలో వసతులు జీవితాంతపు సంరక్షణలో భాగాలు.

7. ముగింపు:
ఫోలిక్ ఆమ్లం అన్ని కేసులనూ నివారించలేదు. తగిన మోతాదు తీసుకున్న తల్లులకూ ఈ లోపంతో శిశువులు పుట్టవచ్చు. ‘గ్రహణం చూసింది’ అన్న పాత నింద స్థానంలో ‘మాత్ర వేసుకోలేదు’ అన్న కొత్త నింద చేరితే శాస్త్రజ్ఞానం ప్రయోజనం నెరవేరదు. గర్భం సంగతి తల్లికే తెలియకముందు ముగిసిపోయే గడువుకు ఆమె ఒక్కతినే బాధ్యురాలిని చేయలేము. ఆ గడువుకు ముందే పోషకం అందేలా చూడటం ఆరోగ్య వ్యవస్థ, ఆహార విధానం, విద్యాసంస్థలు కలిసి నిర్వర్తించవలసిన కర్తవ్యం. గర్భధారణ వయసులోని విద్యార్థినులకు బోధించే కళాశాలలు ఈ విషయాన్ని చెప్పడానికి అత్యంత అనువైన స్థలాలు.