అంటు, దూరం, పిల్లల మనసు: ఫిలింనగర్ బస్తీల్లో కరోనా కాలం

కరోనా కాలంలో పిల్లల మానసిక ఆరోగ్యం గురించి చాలానే రాశారు. ఆ రాతల్లో పిల్లవాడికి ఓ గది ఉంటుంది, గదిలో కంప్యూటర్ ఉంటుంది, వాడి సమస్య ఒంటరితనం. జూబ్లీహిల్స్ బంగళాల వరకు ఇది నిజమే కావచ్చు. ఆ పిల్లలకు బాధ లేదని మేం అనటం లేదు. కానీ ఫిలింనగర్‌లోని జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దుర్గాభవానీ నగర్ లాంటి బస్తీల్లో, అవతల కృష్ణానగర్ ఇరుకు గదుల్లో పిల్లలకు ఒంటరిగా కూర్చుని ఏడ్చే చోటే లేదు. కులం మాట ఎత్తకుండా ఈ తేడాను వివరించటం కుదరదు.

ఈ బస్తీలు ఎవరివి? రాళ్లు కొట్టినవాళ్లవి, బంగళాలు కట్టిన కూలీలవి, లైట్‌మెన్‌లవి, సెట్ పనివాళ్లవి, జూనియర్ ఆర్టిస్టులవి, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లవి. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. జూన్‌లో ప్రభుత్వం అనుమతి ఇచ్చినా పని అందరికీ ఒక్కసారిగా రాలేదు. చిరంజీవి ముందుండి నడిపిన కరోనా క్రైసిస్ చారిటీ సినిమా కార్మికులకు సరుకులు పంచింది. మంచిపనే. అయితే బంగళాలో అంట్లు తోమే తల్లి ఏ యూనియన్ లెక్కలోకి వస్తుంది?

ఆమెకు వచ్చింది వేరే సంగతి: గేటు దగ్గరే ఆగమనటం. ఆ రోజుల్లో టీవీలు పొద్దస్తమానం చెప్పిన మాట ‘సామాజిక దూరం’. మన సమాజానికి ఆ మాట కొత్తా? అంటురోగం, అంటరానితనం, రెండింట్లోనూ ఉన్నది ఒకే ‘అంటు’. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. అది విదేశం వెళ్లొచ్చిన వ్యక్తికి. అనుమానం మాత్రం బస్తీ మీద పడింది. అమ్మ ముట్టుకున్న గిన్నె పక్కన పెట్టారని విన్న ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని వైరస్ గురించిన జాగ్రత్త అనుకుంటుందా, తన గురించిన తీర్పు అనుకుంటుందా? బడిలో గోనెపట్టా మీద కూర్చుని, ప్యూను పోస్తేగానీ నీళ్లు తాగలేని రోజుల్ని అంబేద్కర్ ‘వీసా కోసం నిరీక్షణ’లో పెద్దయ్యాక రాశారు. పిల్లల మనసుకు తగిలే దెబ్బ గురించి మనకున్న మొదటి పాఠం అదేనని మా అభిప్రాయం. మనస్తత్వశాస్త్రం సిలబస్‌లో మాత్రం అది కనపడదు.

ఇక చదువు. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఒకే గది, ఒకే టీవీ. పాఠం వస్తుండగా తండ్రి వార్తలు పెడితే పిల్లవాడు ఏమంటాడు? ఆ వార్తల్లో నెలల తరబడి ఓ హిందీ హీరో చావు మీద చర్చ. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు 2020 మార్చిలో మూసిన బడి 2021 సెప్టెంబర్ 1 దాకా తెరవలేదు. పదిహేడు నెలలు. అక్కడ పెట్టే వేడి అన్నమూ పోయింది, ఇంట్లో తిట్లూ దెబ్బలూ లేని ఆ కొద్ది గంటలూ పోయాయి. 2021 ఆగస్టులో పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో జరిగిన ‘స్కూల్’ సర్వేలో గ్రామీణ దళిత, ఆదివాసీ పిల్లల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగింది 4 శాతానికే. అందులో తెలంగాణ లేదు. అయినా ఆ అంకె మనకు పరాయిది కాదు.

పిల్లల దిగులు దిగులులాగా కనపడదు, ఇది టీచర్లు ముఖ్యంగా గమనించాలి. చిన్నపిల్లల్లో అది కడుపునొప్పి అవుతుంది, మానేసిన పక్కతడపటం మళ్లీ మొదలవుతుంది. పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లలో కోపం, నిద్రపట్టకపోవటం, ఎవరితో మాట్లాడకపోవటం. బంగళాలో ఈ లక్షణాలకు డిప్రెషన్ అని పేరు, డాక్టరు ఉంటాడు. బస్తీలో ‘చెడిపోయిండు’ అంటారు, తన్నులుంటాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలోనే 13-17 ఏళ్ల వాళ్లలో సమస్య ఉన్నవాళ్లు 7.3 శాతం, మహానగరాల్లో 13.5 శాతం. అంటే కరోనా దీన్ని కొత్తగా పుట్టించలేదు, ముదరబెట్టింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 2019లో 10,335, 2020లో 12,526, 2021లో 13,089. వీళ్లలో ఎందరు మనపిల్లలో ఆ విద్యార్థుల లెక్కలో కులం గడి లేదు.

కృష్ణానగర్‌కు ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఎంతో దూరం కాదు. కానీ ‘ఎర్రగడ్డకు పంపాలె’ అనేది మన దగ్గర తిట్టు. కులం పేరుతో ఇప్పటికే ఒక తిట్టు మోస్తున్న పిల్లకు ఇంకో తిట్టు తగిలించటానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? బస్తీ తల్లులకు అవగాహన లేదని తేల్చేసేవాళ్లు ఇది ఆలోచించరు.

2022 అక్టోబర్‌లో కేంద్రం టెలి-మానస్ పెట్టింది, నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. వాడుకోవాల్సిందే. అయితే ఫోను నాన్న జేబులో, పడుకునే గదిలో ఆరుగురు ఉంటే ఆ పిల్ల ఎక్కడ నిలబడి మాట్లాడాలి? బస్తీల్లో పనిచేసే సంఘాలు, సర్కారు బడి టీచర్లు కలిసి బడి విడిచాక ఒక గదిని, ఒక ఫోనును, బయట కాపలాకు పిల్లకు నమ్మకమున్న ఒక అక్కను ఏర్పాటు చేయవచ్చు. దానికి జీవో అక్కర్లేదు, హెడ్మాస్టరు తాళంచెవి ఇస్తే చాలు.